స్విచ్‌కి కుట్టిన జేబు

కుట్టు గది నుంచి,
సోమవారం

ఉడతా,

నువ్వు కొండెక్కి రేపటికి ఇరవై రెండు రోజులు. ఫోను ఉండకూడని ఉద్యోగం ఒకటుంటుందని ఈ వయసులో తెలుసుకున్నాను. ఆకాశంలోంచి వచ్చే చప్పుళ్ళు వినే పెద్ద పళ్ళెమని, చుట్టుపక్కల ఒక్క ఫోను మోగినా దానికి చెవుడొస్తుందని చెప్పావు. బాగుందమ్మా. ఆకాశం మాట వినడానికి జీతాలిచ్చి మనుషుల్ని పెట్టుకుంటారు, అత్తగారి మాట వినడానికి ఒక్కరూ దొరకరు. సరే, ఉత్తరాలే రాస్తాను. నాది ఆరో క్లాసు చదువు. తప్పులుంటే నువ్వే సర్దుకుని చదువుకో.

నేను బాగానే ఉన్నాను. బాగానే ఉన్నానని రాయకపోతే నువ్వు కంగారు పడతావని రాశాను. ఇప్పుడు అసలు సంగతి. వాడి కంప్యూటరు నన్ను కాల్చుకు తింటోంది.

నా కొడుకు పోయాక స్కూలు బట్టల పని ఆపేస్తానని అందరూ అనుకున్నారు. నేను ఆపలేదు. కటింగు, కుట్టు నా చేతిలో విద్య. కానీ కొలతలన్నీ వాడు ఆ కంప్యూటర్లోకి ఎక్కించి పెట్టాడు. రెండువందల పన్నెండు మంది పిల్లలు. కాయితం మీద ఒక్కటీ లేదు. మళ్ళీ కొలుద్దామంటే పిల్లలంతా సెలవులకి తలో ఊరూ పోయారు. ఒక పేరు మీద నొక్కి, ఇటొచ్చి రెండు కాజాలు కుట్టి వెళితే అప్పటికి ఆ పిల్లాడి నడుం కొలత కనిపిస్తుంది. చేతుల పొడుగు రావాలంటే ఇంకో రెండు కాజాలు. ఈ లెక్కన కాజాలన్నీ నేను ముందే కుట్టేస్తున్నాను, వాటికి చొక్కాలే లేవు.

మొన్న స్కూలు పెద్ద టీచరు గారు చూసిపోదామని వచ్చారు. దాన్ని అటూ ఇటూ చూసి, "దీని పెట్టె ఏదండీ?" అన్నారు. "దీనికి వేరే పెట్టె ఉండదమ్మా, అంతా అద్దం వెనకాలే. వీపు మీద పొట్ట ఉన్న మనిషిలాంటిది" అన్నాను. ఆవిడ నవ్వలేదు. "స్కూలు తెరిచేది రెండున్నర నెలల్లో. పిల్లలు మీ కాజాలు కట్టుకుని రావాలా?" అంది. నోరు కాదది, అంచులు కోస్తూ కుట్టుకుపోయే ఓవర్‌లాక్ మెషిను.

నీకు కరెంటు పని, మెషిన్ల పని తెలుసు కదా. దీన్నేం చెయ్యాలో రాయి. వెంటనే రాయి. గట్టిగా ఏం చెయ్యకుండా, పైపైన బాగయ్యే ఉపాయం ఉంటే అది రాయి.

మీ అత్తయ్య


కొండ మీది క్వార్టర్సు,
గురువారం

అత్తయ్యా,

మీ ఉత్తరం సరుకుల వ్యానులో వచ్చింది. అందరి కవర్లూ జిగురు పెట్టి అంటించి ఉంటే మీదొక్కటే దారంతో కుట్టి ఉంది, అదీ రెండు వరసలు. కత్తెర కోసం మెస్సు వంటాయన దగ్గరికి వెళ్ళాల్సొచ్చింది. "ఇందులో ఏం పంపించారమ్మా, ధాన్యమా?" అన్నాడు. దయచేసి ఈసారి జిగురు వాడండి.

మీ కంప్యూటరుకి రోగం ఏమీ లేదు. దాంట్లో మెమరీ తక్కువ, అంతే. చిన్న పచ్చ ముక్క ఒకటి ఉంటుంది, ర్యామ్ అంటారు. ఇప్పుడున్నది మరీ చిన్నది. దాని పక్కన ఇంకో ముక్క పెట్టడానికి ఖాళీ ఉంటుంది. పెడితే మీరు పేరు నొక్కి వేలు తీసేలోపు కొలత వచ్చేస్తుంది.

మన వీధి చివర వాచీల షాపు ఆయన్ని పిలవండి. కంటికి భూతద్దం బిగించుకుని కూచుంటాడే, ఆయనే. ఈమధ్య వాచీలు ఎవరూ తేవట్లేదని కంప్యూటర్లు కూడా చూస్తున్నాడు. అరగంట పని. మెషిన్ ఆపాలి, గోడలోంచి వైరు పీకాలి, మెత్తటి గుడ్డ పరిచి దాన్ని బోర్లా పడుకోబెట్టాలి, వెనక మూత తీసి ముక్క నొక్కి మళ్ళీ మూత వెయ్యాలి. పక్కన మీరు నిలబడి సలహాలు ఇవ్వకపోతే పావుగంటలో అయిపోతుంది.

ఒక్క జాగ్రత్త. పూర్తిగా ఆపాకే మూత తియ్యాలి. నడుస్తుండగా లోపల చెయ్యి పెడితే ముక్కా పోతుంది, మెషినూ పోతుంది. పైపైన బాగయ్యే ఉపాయం ఏదీ లేదు.

నేను బాగున్నాను. పళ్ళెం చుట్టూ కేబుళ్ళు చూడటం నా పని. గాలి తప్ప చప్పుడుండదు. నాకు నచ్చింది.

మీ కోడలు


కుట్టు గది నుంచి,
బుధవారం

ఉడతా,

జిగురు కొన్నాను. అంటిస్తే ఊడిపోయింది. అందుకని మళ్ళీ కుట్టాను. ఈసారి ఒక్క వరసే.

నువ్వు చెప్పినట్టే భూతద్దం గారిని పిలిచాను. మనిషి మంచివాడు. మొదటిసారి వచ్చినప్పుడు వేలంత పొడుగు ముక్క తెచ్చాడు. బంగారు పళ్ళున్న దువ్వెనలా ఉంది. తీరా మన కంప్యూటరు వీపు మీది చీటీని భూతద్దం పెట్టి చదివి, "అయ్యో, ఇది బల్ల మీద కూచునే మెషినే గానీ లోపల ఒళ్ళంతా ల్యాప్‌టాపుదండీ. ఈ ముక్క పట్టదు. ఇందులో సగం ఉంటుంది దీనిది" అన్నాడు. నాకు వెంటనే అర్థమైంది. పిల్లాడి చొక్కాకి పెద్దాయన కాలరు. పరవాలేదు, నిదానంగా తీసుకురండి, తొందరేం లేదు అని పంపేశాను.

నాలుగో రోజుకే పొట్టి ముక్క పట్టుకొచ్చాడు. అంత చురుకు వాచీల దగ్గర చూపిస్తే షాపు ఇంకోలా ఉండేది. ఆరోజు పిల్లి దాని వెనకాల పడుకుంది, లేపడం పాపమని మళ్ళీ రమ్మన్నాను. మూడోసారి వచ్చినప్పుడు నాకు నడుం నొప్పి.

"మీ నడుం నొప్పికి దాని వైరుకి ఏం సంబంధమండీ?" అన్నాడు.

"నేను దగ్గరుండి చూడాలి కదండీ. కూచోలేను" అన్నాను.

"నిలబడి చూడండి."

"నిలబడితే కళ్ళు తిరుగుతాయి."

"పోనీ, పడుకుని చూడండి!" అన్నాడు. పెద్దమనిషి అనాల్సిన మాటేనా?

ఈమధ్య కంప్యూటరు కొంచెం చురుగ్గానే ఉందనిపిస్తోంది. రెండు కాజాలకి రావాల్సింది ఒకటిన్నర కాజాకే వస్తోంది. అందుకని ఈ ముక్క గొడవ ఇప్పుడే ఎందుకా అనుకుంటున్నాను. నువ్వేమంటావు?

కింద భూతద్దం గారు నీకు రెండు మాటలు రాస్తానన్నారు. పరాయివాళ్ళ రాతలు చదవడం నాకు అలవాటు లేదు కాబట్టి నేను చదవలేదు. అందులో ఉన్నవన్నీ అబద్ధాలు.

మీ అత్తయ్య

అమ్మాయిగారికి నమస్కారములు. మీ అత్తగారు మెషిన్ ఆపనివ్వడం లేదు. స్విచ్ మీద ఎర్ర గుడ్డతో ఒక జేబు కుట్టి, దానికి నాలుగు హుక్కులు పెట్టారు. నేను ఒక హుక్కు తియ్యబోతే కొలతల టేపుతో చేతి మీద కొట్టారు. పిల్లి నిద్రపోయిందన్నది కూడా నిజం కాదు. మీ ఇంట్లో పిల్లి లేదు. మీ ముక్క రెండు వారాలుగా నా చొక్కా జేబులో ఉంది. ఎప్పుడు పిలుస్తారోనని ఆ చొక్కా ఉతకడానికి కూడా వెయ్యడం లేదు. మా ఆవిడ పుట్టింటికి వెళ్తానంటోంది. దయచేసి ఏదో ఒకటి తేల్చగలరు. ఇట్లు, వాచీల షాపు.


కొండ మీది క్వార్టర్సు,
గురువారం

అత్తయ్యా,

భూతద్దం గారు రాసింది చదివి నవ్వాను. నవ్వాక ఇంకోసారి చదివాను. ఈసారి నవ్వు రాలేదు.

స్విచ్‌కి జేబు ఎప్పుడు కుట్టారు? నేను అక్కడున్నప్పుడు కూడా ఉందా? ఆ గదిలో ఎప్పుడూ నీలం వెలుతురు కనిపించేది. మీరు పని చేసుకుంటున్నారనుకున్నాను. మీరు వంటింట్లో ఉన్నప్పుడు కూడా ఆ వెలుతురు అలాగే ఉండేదని ఇప్పుడు గుర్తొస్తోంది. నేనే లోపలికి వచ్చి చూడలేదు.

ఆ మెషిన్ ఆపి ఎన్నాళ్ళయింది అత్తయ్యా? నడుం నొప్పి, పిల్లి, కాజాలు వద్దు. ఉన్నది రాయండి.

మీ కోడలు


కుట్టు గది నుంచి,
ఆదివారం

ఉడతా,

ఎనిమిది నెలలయింది.

నీకు చెప్పకూడదనుకున్నాను. చెబితే పిచ్చిదాన్నంటావని. అను, పరవాలేదు.

ఆ సాయంత్రం బొత్తాలు అయిపోయాయి. నేనే గొణిగాను, బొత్తాల్లేకుండా చొక్కాలు ఎలా పంపుతాంరా అని. వాడు లేచి, ఆ తలుపు దగ్గర చెప్పులేసుకుంటూ, "అమ్మా, మెషిన్ ఆపకు, ఇప్పుడే వచ్చేస్తా" అన్నాడు. నేను తలెత్తలేదు. సూదిలో దారం పెడుతున్నాను. "సరేలే" అన్నాను. వాడు నాతో అన్న చివరి మాట అది. బండి జారిందని ఫోను వచ్చాక ఇల్లంతా మనుషులు, ఏడుపులు. ఈ గది సంగతి ఎవరికి గుర్తుంటుంది?

పదకొండో రోజో పన్నెండో రోజో నేనొక్కదాన్నే లోపలికి వచ్చాను. అద్దం నల్లగా ఉంది. బల్ల తుడుద్దామని చెయ్యి తగిలిందో లేదో వెలిగింది. చూద్దును కదా, పేకముక్కలు. ఒక్కరే ఆడుకునే పేకాట ఉంటుందే, అది. సగం ఆడి ఉంది. వాడు ఆట మధ్యలో లేచి వెళ్ళాడు ఉడతా. వచ్చి ఆడదామనే కదా ఆపొద్దన్నాడు.

అప్పట్నుంచీ ఆపలేదు. అద్దం కూడా నల్లబడకుండా పెట్టించుకున్నాను. ఎవరైనా పొరపాటున నొక్కుతారేమోనని స్విచ్‌కి జేబు కుట్టాను. కరెంటు పోయినా పడిపోకుండా ఒక బ్యాటరీ పెట్టె కొని పెట్టాను. కరెంటు పోగానే అది కీచుమని అరుస్తుంది, అరిచినప్పుడల్లా నేను కూడా అరుస్తాను. రోజుకోసారి అద్దం మీద ఒక చీటీ లేచి, ఆపి మళ్ళీ మొదలుపెట్టనా అని అడుగుతుంది. కింద 'తర్వాత' అని ఉంటుంది. అది నొక్కుతాను. ఎనిమిది నెలలుగా రోజూ అడుగుతోంది, రోజూ తర్వాత అంటున్నాను. విసుక్కోకుండా మళ్ళీ అడుగుతుంది. అంత ఓర్పు మన ఇంట్లో ఎవరికీ లేదు.

భూతద్దం గారిని ఊరికే అడిగినట్టు అడిగాను, ఆపితే లోపలివన్నీ పోతాయా అని. ఆయన చక్కగా చెప్పాడు. "మీకు బీరువా ఉంది, కటింగు బల్ల ఉంది కదండీ. దాచుకున్నవి బీరువాలో ఉంటాయి. ఇప్పుడు పని చేస్తున్నవి బల్ల మీద పరుస్తారు. ఈ మెషిన్ బల్ల బాగా చిన్నది, అందుకే నిదానం. నేను తెచ్చిన ముక్క వేస్తే బల్ల పెద్దదవుతుంది. ఆపినప్పుడు మాత్రం బల్ల మీదున్నది తుడుచుకుపోతుంది. బీరువా జోలికి వెళ్ళదు" అన్నాడు. పిల్లల కొలతలు బీరువాలో ఉన్నాయట. పేకాట బల్ల మీద ఉందట. పాతకాలం ఆట, దాచుకోవడం రాదట దానికి.

ఆయన ఆ ముక్కల వంక చూసి, "ఎవరండీ ఇది ఆడింది? నల్ల పది మీద ఎర్ర తొమ్మిది పెట్టచ్చు, ఎదురుగానే ఉందిగా. చిన్నపిల్లలకి కూడా కనిపిస్తుంది" అన్నాడు. నేను ఒక్క కేక వేశాను. టేపుతో కొట్టింది కూడా ఆరోజే. కానీ నీకు చెప్పాలంటే, నేను కూడా రోజూ అదే అనుకుంటాను. ఇంత తెలివైనవాడివి, ఆ తొమ్మిది ఎలా కనపడలేదురా నీకు అని. ఎన్నోసార్లు వేలు దాకా వెళ్ళింది. కదపలేదు. వాడి ఆట నేను కదపకూడదు.

స్కూలు తెరవడానికి ఆరు వారాలుంది. ఇరవై మూడు చొక్కాలయ్యాయి. పెద్ద టీచరు గారు ఈ వారం కూడా వచ్చారు. ఇలాగైతే పని వేరేవాళ్ళకి ఇచ్చేస్తానంది. నాకు ఆ పని కావాలి, ఆ ఆటా కావాలి. ఇప్పుడు చెప్పు, ఏం చెయ్యను?

మీ అత్తయ్య


కొండ మీది క్వార్టర్సు,
గురువారం

అత్తయ్యా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చింపాను. కోప్పడాలంటే కోప్పడండి.

ఆ ఆట మీ అబ్బాయిది కాదు. నాది.

ఆయన బొత్తాలకి వెళ్ళాక మీరు స్నానానికి వెళ్ళారు. వస్తే వేడివేడిగా తిందామని నేను ఆయన కుర్చీలోనే కూచుని ఎదురు చూస్తున్నాను. కొలతల లిస్టు తెరిచి ఉంది. ఊరికే కూచోలేక దాని మీదే పేకాట తెరిచాను. నాకు ఆ ఆట రాదని ఆయన ఎప్పుడూ వెక్కిరించేవారు కదా, వచ్చేసరికి గెలిచి చూపిద్దామనుకున్నాను. ఎర్ర తొమ్మిది నాకు కనపడకపోలేదు అత్తయ్యా. కనిపించింది. దాని మీద వేలు పెట్టాను. అప్పుడే ఫోను మోగింది.

లేచి ఫోను తీసుకున్నాను. మళ్ళీ ఆ కుర్చీలో కూచోలేదు. ఆ గది గడప తొక్కలేదు. మీకు సాయం చెయ్యాలని లేక రావట్లేదని మీరు అనుకున్నారు, నాకు తెలుసు. అనుకోనిచ్చాను. చెప్పడం కంటే అదే తేలికనిపించింది. ఈ ఉద్యోగం కాయితంలో 'ఇక్కడ ఫోను నిషేధం' అని చూసి ఆ లైను కోసమే సంతకం పెట్టాను.

ఇంకొకటి. మెషిన్ ఆపొద్దని ఆయన ఎందుకన్నారో నాకు తెలుసు. ఆరోజు మధ్యాహ్నమే నాతో అన్నారు: "దీన్ని ఆపితే మళ్ళీ లేపడానికి పావుగంట పడుతోంది. ఇంకో ముక్క వెయ్యాలి, ఈ స్కూలు పని కాగానే వేయిస్తా." వచ్చాక మళ్ళీ పావుగంట కూచోవాలని ఆపొద్దన్నారు. ఆట కోసం కాదు. వేరే ఏ అర్థమూ లేదు.

మీకు ఆయన ఆట అన్న ధైర్యమైనా ఉండేది. అది కూడా తీసేసుకున్నాను. క్షమించండి.

మీ కోడలు


కుట్టు గది నుంచి,
శనివారం

కోడలు గారికి,

ఎనిమిది నెలలు! ఎనిమిది నెలలు నీ పేకాటకి కాపలా కాశానా నేను? బ్యాటరీ పెట్టె కొన్నాను! హుక్కులు పెట్టాను! పాపం ఆ మనిషిని టేపుతో కొట్టాను! పొద్దున్నే లేచి ఆ అద్దాన్ని మల్లు గుడ్డతో తుడిచి, నీ ఇస్పేటు రాణికి దణ్ణం ఒక్కటే పెట్టలేదు. నిజానికి ఒకసారి పెట్టాను.

వాడికి తొమ్మిది కనపడలేదేమిటా అని ఎంత మథనపడ్డానో నీకు తెలుసా? కళ్ళు సరిగా కనిపించడం లేదేమో, డాక్టరుకి చూపించలేకపోయానే, అందుకే బండి జారిందేమో అని కూడా ఏడ్చాను. కొడుకు కళ్ళు బాగానే ఉన్నాయి. ఇప్పుడు నాకొస్తున్నది కోపమో, ఊరటో తెలియడం లేదు.

ఉత్తరం ఇక్కడికి రాసి రెండు రోజులు పక్కన పెట్టేశాను. ఇప్పుడు మళ్ళీ రాస్తున్నాను.

ఉడతా, నిన్న భూతద్దం గారిని నేనే పిలిచాను. ఇది మా వాడి ఆట కాదట, కోడలిదట, ఆపేద్దాం రండి అని. ఆయన పరిగెత్తుకుంటూ వచ్చాడు, అదే చొక్కా. నేను మూడు హుక్కులు తీశాను. నాలుగోది తియ్యబోతూ అద్దం వంక చూశాను. నా చెయ్యి ఆగిపోయింది.

వాడిది అనుకున్నన్నాళ్ళూ వాడి కోసం ఉంచాను. అది వాడిది కాదని తెలిశాక తేలిగ్గా ఆపేస్తాననుకున్నాను. తీరా చూస్తే ఇదే ఎక్కువ కష్టంగా ఉంది. ఆ ముక్కలు పేర్చినంతసేపూ నీకు మొగుడున్నాడు. వస్తాడని కూచున్నావు, వస్తే ఆటపట్టిద్దామని నవ్వుకుంటూ కూచున్నావు. ఆ సాయంత్రం ఇంకెక్కడా లేదు, ఈ అద్దం మీద తప్ప. నీ సాయంత్రాన్ని నేనెలా తుడిచేస్తాను? నాకేం హక్కుంది?

హుక్కులు మళ్ళీ పెట్టేశాను. భూతద్దం గారు గోడకి తల ఆనించుకుని కాసేపు అలా నిలబడి, నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

నువ్వు ఉంచమంటే ఉంచుతాను. స్కూలు పని పోతే పోయింది, జాకెట్లు కుట్టుకుంటాను. నువ్వు ఆపమంటేనే ఆపుతాను. నీదే మాట.

ఇన్నాళ్ళూ నిన్ను మొండిదానివనుకున్నాను. గదిలోకి రావట్లేదని పక్కింటావిడతో కూడా అన్నాను. ఆవిడ నీతో ఏమైనా అంటే నమ్మకు. నమ్ము, నేను అన్నాను.

మీ అత్తయ్య


కొండ మీది క్వార్టర్సు,
గురువారం

అత్తయ్యా,

మీ ఉత్తరం మెస్సులో చదివాను. వంటాయన నా ముందు మంచినీళ్ళు పెట్టి వెళ్ళాడు.

ఎర్ర తొమ్మిదిని తీసి నల్ల పది మీద పెట్టండి. నేను చెయ్యాల్సింది అంతే మిగిలింది. అది మీ చేత్తో చెయ్యండి. తర్వాత ఆపేయండి. ఆ సాయంత్రం నాకు గుర్తుంటుంది, దానికి బ్యాటరీ పెట్టె అక్కర్లేదు.

భూతద్దం గారి చేతికి నా తరఫున కాస్త మందు రాయండి.

మీ ఉడత


కుట్టు గది నుంచి,
మంగళవారం

ఉడతా,

ఆపేశాను.

అంతా వరసగా రాస్తాను. ఆదివారం పొద్దున భూతద్దం గారు వచ్చారు. మందు రాస్తానంటే ఎందుకన్నారు. సరిగ్గా అప్పుడే పెద్ద టీచరు గారు, "ఇదే ఆఖరిసారి అడగడం" అంటూ వచ్చారు. కూచోండి, ముందు ఒక తొమ్మిది కదపాలి అన్నాను. ఆవిడకి కథంతా చెప్పాల్సొచ్చింది. విని, కళ్ళజోడు తీసి తుడుచుకుని, కుర్చీ దగ్గరికి లాక్కుంది.

నేను తొమ్మిదిని పట్టుకుని పది మీద పెట్టాను. పట్టు దొరక్క రెండుసార్లు జారిపోయింది. మూడోసారి నిలబడింది. దాని కింద ముక్క తిరగేశాం. ఎనిమిది కళావరు వచ్చింది. "అది తొమ్మిది మీద వెయ్యండి" అంది టీచరు గారు. వేశాను. "ఇప్పుడా రాజుని ఖాళీలోకి" అన్నాడు భూతద్దం. "మీరుండండి, ముందు రెండు తీయాలి" అందావిడ. "మీరు పాఠాలు చెప్పుకోండి, ఇది మెషిన్ పని" అన్నాడాయన. నువ్వు తొమ్మిది ఒక్కటే చెప్పావు, వీళ్ళిద్దరూ ఆగరు. పదిహేను ముక్కలు కదిపాక ఇంక దారి లేకుండా బిగుసుకుపోయింది. ఓడిపోయాం ఉడతా. ముగ్గురు పెద్దవాళ్ళం కూచుని నీ ఆట ఓడగొట్టాం. టీచరు గారు తప్పంతా రాజుదంటోంది. నాకెందుకో నవ్వొచ్చింది. ఈ గదిలో ఎనిమిది నెలల తర్వాత నవ్వాను, బయటికి వినిపించేలా.

ఆ నవ్వు ఉండగానే హుక్కులు తీసి నొక్కేశాను. కాసేపు గుర్రుమంది, ఊపిరి వదిలినట్టు చప్పుడు చేసింది, నల్లబడింది. అందులో నా మొహం కనిపించింది. జుట్టు ఇంత నెరిసిందని నాతో ఎవరూ చెప్పలేదు.

తర్వాత సంగతి నీకు తెలిసిందే. బొంత పరిచి బోర్లా పడుకోబెట్టాం. ఆయన ఇనపకుర్చీ పట్టుకుని ఒంట్లో కరెంటు ఏదైనా ఉంటే పోతుందన్నాడు, మా ఇద్దరి చేతా కూడా పట్టించాడు. వెనక మూత తీస్తే లోపల వేలెడు దుమ్ము. సిగ్గుపడ్డాను. పాత ముక్క పక్కన ఖాళీ ఉంది. కొత్తదాన్ని వాలుగా పెట్టి నొక్కితే, టిచ్ బటను పెట్టినట్టు టక్కుమని కూచుంది. ఎనిమిది నెలలు నేను భయపడిన పని అంతసేపే పట్టింది.

వైరు పెట్టి నొక్కాను. దారం సూది దాకా తెచ్చానో లేదో తెర వెలిగింది. రెండువందల పన్నెండు పేర్లూ ఉన్నాయి. ఒక పేరు నొక్కితే నడుం, ఛాతీ, చేతులు అన్నీ ఒక్కసారే వచ్చాయి, చూసేలోపు. టీచరు గారు, "మరి ఇప్పుడేమంటారు?" అంది. "ఇంక కాజాలు ఎప్పుడు కుట్టుకోవాలి నేను?" అన్నాను. ఈసారి నవ్వింది. సాయానికి ఇద్దరు ఆడవాళ్ళని పంపుతానంది. స్కూలు తెరిచేలోపు అయిపోతాయి, బెంగ పెట్టుకోకు.

ఆదివారం సాయంత్రం పని కట్టేశాక మెషిన్ ముందు చాలాసేపు నిలబడ్డాను. ఆపొద్దన్నాడు కదా, ఎలా అని. నువ్వు రాసింది మళ్ళీ చదువుకున్నాను. ఇప్పుడు ఆపినా పావుగంట పట్టదు, వాడు విసుక్కోవడానికేం లేదు. నొక్కాను. చెయ్యి వణికింది. నిన్న సాయంత్రం మళ్ళీ నొక్కాను. వణకలేదు. వణకనందుకు కూచుని ఏడ్చాను. ఇవాళ పొద్దున లేచి మళ్ళీ నేనే వెలిగించి, పదకొండు చొక్కాలు కత్తిరించాను.

రోజూ ఇలాగే ఆపుతాను, రోజూ వెలిగిస్తాను. నువ్వు ఎప్పుడొస్తావని అడగను. నీకు రావాలనిపించినప్పుడు ఈ గదిలోకే రా. వేరే కుర్చీ వేస్తాను.

అక్కడ చలి ఎక్కువని విన్నాను. పని ఉందని పూట దాటెయ్యకు. వేళకి కడుపునిండా తిను.

మీ అత్తయ్య